మడత మీది గీత

సర్వే కార్యాలయంలోని పాత పటాల గదిలో అందరూ ఆయన్ని అతుకుల మేస్త్రి అనేవాళ్లు. అరిగి చిరిగిన పటాలకు కొత్త ముక్కలు అతికి, పోయిన గీతల్ని మళ్లీ గీయడం ఆయన పని. ముప్పయ్యేళ్లలో ఏది పాత గీతో, ఏది ఆయన గీతో ఒక్కరూ పోల్చుకోలేకపోయారు. ఆయనకున్న గర్వమల్లా అదొక్కటే.

ఆ మధ్యాహ్నం అధికారి ఓ ముసలావిడను వెంటబెట్టుకొచ్చి, ఏటి లోయ పటాన్ని బల్ల మీద పరిపించాడు.

"చూసుకో పెద్దమ్మా. వందేళ్ల నాటి పటం. ఈ గోధుమరంగు గీతకు దిగువనున్నదంతా ముంపు నేలే. నీ ఇల్లు దిగువనే పడింది. ఖాళీ చెయ్యక తప్పదు."

"నేను కాపురానికొచ్చి యాభయ్యేళ్లు బాబూ. మూడు వరదలు చూశాను. నీళ్లు నా గడప తొక్కలేదు. ఏటికి తెలీనిది మీ గీతకు తెలిసిందా?"

"పటం అబద్ధమాడదు."

మేస్త్రి గీత వైపు చూశాడు. మడత అరిగి, అరచేయంత మేర పటం ఊడిపోయిన చోటది. పన్నెండేళ్ల కిందట తనే అతికాడు. అతికిన ఆనాటి సాయంత్రం మెడ పట్టేసింది, కళ్లు మండుతున్నాయి. చిరుగు అంచున పాత గీత ఏటి వైపు వంగబోతూ ఆగిపోయింది. ఆ వంపు ఎంతవరకు పోయిందో పక్క పటాలతో సరిచూడాలంటే ఇంకో రెండు గంటలు కూర్చోవాలి. తిన్నగా లాగేసి, ఇంటికెళ్లి పడుకున్నాడు. గీత మాత్రం ముచ్చటగా కుదిరింది.

నోరు మెదపకపోతే ఎవరికీ తెలీదు. చెబితే రేపటి నుంచి ప్రతి పటం మీదా తన చేతినే వెతుకుతారు. ఆయనకు భయం కన్నా ముందు అలసట ముంచుకొచ్చింది. అబద్ధాన్ని మోయడానికీ ఓపిక ఉండాలి.

తడి స్పాంజి తీసి అతుకు మీద అద్దాడు.

"ఏంటయ్యా ఆ పని? మతి గాని పోయిందా?"

"ఈ ముక్క నాదండీ. గీతా నాదే. ఊహించి గీశాను."

జిగురు నాని ముక్క మెల్లగా లేచి వచ్చింది. చిరుగులోంచి బల్ల చెక్క కనిపించింది.

ముసలావిడ కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. "మూడు వరదలకు మునగని కొంప నీ గీతకు మునిగిందా నాయనా!"

"మునిగిందమ్మా."

అధికారి ఆ కంతలో వేలు పెట్టి చూశాడు. "సరే పెద్దమ్మా, ఖాళీ మాట పక్కనపెట్టు. రేపు మనుషుల్ని పంపి కొలిపిస్తాను." తర్వాత గోడ పొడవునా చుట్టచుట్టి పేర్చిన పటాల వైపు తిరిగాడు. "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయయ్యా?"

మేస్త్రి స్పాంజి పిండి పక్కన పెట్టాడు.

"కుర్చీ లాక్కోండి సార్, చెబుతాను."