పిల్లినెక్కి పాత రేవుకు

ఎవరింటికి వెళ్లినా ముందు వేలి కణుపుతో గోడను తట్టి, చెవి ఒగ్గి విని, ఆ తరువాతే ఇంటివారిని పలకరించడం పెద్దాయనకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు. కట్టడాల తనిఖీ శాఖలో చిన్న సుత్తి చేత పట్టుకుని తిరిగినన్నాళ్లూ గుత్తేదారులు ఆయనను చాటుగా ‘సుత్తిగారు’ అనేవారు. ఆ పేరుకు ఇంకో అర్థం కూడా ఉన్నదని ఆయనకు తెలుసు. తెలిసినట్టు కనిపించడం హోదాకు తగదని ఊరుకునేవారు.

పదవీ విరమణ చేసి కొడుకు ఇంట చేరిన రోజున కూడా ఆయన ఆ చిన్న ఫ్లాటులోని గోడలన్నీ తట్టి, స్నానాల గది పక్క గోడ లోపల చెమ్మ ఉందని తేల్చి చెప్పారు. చెమ్మ నిజంగానే ఉంది. అయినా ఇంట్లో కాలు పెట్టీ పెట్టగానే తప్పు పట్టిన మామగారిని చూసి ఏ కోడలు పొంగిపోతుంది? ఆ తరువాత చాలాకాలం ఇద్దరి మధ్యా మాటలు మందులు వేసుకున్నారా, తలుపు గడియ పెట్టారా అన్నంతవరకే నడిచాయి. కొడుకు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పని ముగించుకుని చీకటి పడ్డాక గాని ఇల్లు చేరడు. కోడలు పళ్లసెట్లు తయారుచేసే ల్యాబులో పని చేసి సాయంత్రం ఆరింటికి వచ్చేది. వచ్చి, టీవీ ముందు కూర్చుని, ఒక గంటసేపు ఆట ఆడుకునేది. ఆయన తన గదిలో కూర్చుని పత్రికను మూడోసారి చదివేవారు.

ఆ ఆట పేరు ‘రేవు’. అందులో ఒక పడవవాడు తెడ్డు పట్టుకుని ఒక పాత రేవుపట్నంలో తిరుగుతూ, వీధిదీపాలు వెలిగిస్తూ, సరుకులు చేరవేస్తూ ఉంటాడు. ఒక సాయంత్రం పెద్దాయన మంచినీళ్ల కోసం హాలులోకి వచ్చినప్పుడు పడవవాడి తెడ్డు ఒక గోడకు తగిలి ‘డబ్’ అన్నది. ఆయన అక్కడికక్కడే ఆగిపోయి, ఆ గోడ బోలుగా ఉన్నదనీ, వెనుక గది ఉండి తీరాలనీ సెలవిచ్చారు. కోడలు నవ్వు ఆపుకుని, ఆయన మాట తీసెయ్యలేక, ఆ గోడను నాలుగు బాదింది. గోడ కూలింది. వెనుక గదిలో, ఆమె ఏడాదిగా వెతుకుతున్న లాంతరు ఉంది.

ఆ రోజు నుంచి ఆయన కుర్చీ టీవీ ముందుకు జరిగింది. ఆ ఆటలో రాయిని తడితే ఖణ్ మంటుంది, చెక్కను తడితే టక్ మంటుంది, తడిసిన చెక్క ఇంకొక రకంగా మోగుతుంది. దీన్ని తయారుచేసినవాడెవడో జన్మలో ఒక్కసారైనా గోడ తట్టి చూసినవాడే అని ఆయన మెచ్చుకున్నారు. ఆయన నోట మెప్పు వినడం ఎంత అరుదో తెలిసిన కొడుకు ముక్కు మీద వేలేసుకున్నాడు. ఆయన వినేవారు, ఆమె ఆడేది. తెరచాపలు కుట్టే ముసలమ్మ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆవిడ ‘మళ్లీ చింపుకొచ్చావా, నీ చేతులు పడవలకు పనికిరావు’ అని పడవవాణ్ని చీవాట్లు పెడుతుంటే మామా కోడళ్లిద్దరూ కలిసి నవ్వేవారు. ఆ నవ్వుల్లోనే ఆమె తన ల్యాబు కబుర్లు చెప్పడం, ఆయన పాత గుత్తేదారుల బండారం బయటపెట్టడం అలవాటయ్యాయి. చివరికి ఆయన పళ్లసెట్టు కూడా ఆమే చేసిపెట్టింది.

ఇంతలో ‘రేవు’ రెండో భాగం వస్తున్నదని ప్రకటించారు. కోడలు విడుదల రోజుకు ముందే సెలవు పెట్టుకుంది. పెద్దాయన ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నారు.

ఆట మొదలైంది. పడవవాడు గట్టు దిగి మొదటి రాతి మెట్టును తట్టాడు. టప్. పక్కనున్న చెక్క తలుపును తట్టాడు. టప్. ఇనుప స్తంభమూ టప్, పీపా కూడా టప్. పెద్దాయన చెవి ఒగ్గడం మానేశారు. కోడలి కష్టాలు వేరు. పడవలు నీటికి జానెడు ఎత్తున తేలుతున్నాయి, మనుషులు గోడల్లోంచి నడిచిపోతున్నారు, దుకాణదారుకు ముఖం మీద కళ్లు పెట్టడం ఎవరో మరిచిపోయారు. సెలవుల అమ్మకాలకు అందించాలన్న తొందరలో కంపెనీవారు అరకొరగా వండి వార్చారని లోకమంతా గగ్గోలు పెట్టింది. ఫోనులో నడిచే ‘రేవు’ అభిమానుల బృందంలో కోడలు మాత్రం రెండు రోజులపాటు ఆటను వెనకేసుకొచ్చింది. ఓపిక పట్టండి, ముందుకు వెళ్తే బాగుంటుంది అని అందరికీ నచ్చజెప్పింది. మూడో రోజున ముసలమ్మ ఇంటికని వెళితే అక్కడ ఇల్లు లేదు, వీధే లేదు. ఆకాశమంత గాజు మేడ ఒకటి నిలబడి ఉంది. ఆమె కంట్రోలర్‌ను బల్ల మీద పెట్టి, ఇక ఈ ఆట ఊసు ఇంట్లో ఎత్తవద్దని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

మరునాటి నుంచి ఆరు గంటలకు ఆమె నేరుగా వంటగదిలోకి వెళ్లసాగింది. టీవీ కింది పెట్టెను ఆటలతో సహా ల్యాబులో పళ్లకు పాలిష్ పెట్టే కుర్రవాడికి ఇచ్చేస్తానన్నది. చేతి పనితనం చూసి వాడిని అందరూ మెరుపు అని పిలుస్తారు. శనివారం ఒంటిపూట పని కాగానే వచ్చి పట్టుకుపోతాడన్నది. పెద్దాయన సరేనన్నారు. అనడమైతే అన్నారు గాని, ఆయన గదిలో పత్రిక మళ్లీ మూడోసారి చదవబడింది. మందులు వేసుకున్నారా, తలుపు గడియ పెట్టారా అన్న మాటలు మళ్లీ మొదలయ్యాయి. పెట్టెను ఇవ్వవద్దని అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. ఒక శాఖలో అధికారిగా పనిచేసిన మనిషి, ఆడుకునే వస్తువు కోసం కోడలి ముందు చేతులు నలుపుకోవడమా? మాట లోపలే ఉండిపోయేది.

శనివారం ఉదయం ఇంట్లో ఎవరూ లేరు. ఆయన కాసేపు కాలుగాలిన పిల్లిలా హాలులో తిరిగి, చివరికి ఆటను తానే పెట్టుకున్నారు. ఆడటానికని కాదు. హడావిడిగా అప్పగించిన కట్టడాన్ని అలా వదిలెయ్యడం వృత్తిధర్మం కాదు గనక, ఒక చివర నుంచి తనిఖీ మొదలుపెట్టారు. గోడ తరువాత గోడ, తలుపు తరువాత తలుపు. అన్నీ టప్. చేపల అంగడి వెనుక గాజు మేడ పెరటిగోడ దగ్గరకు వచ్చేసరికి తెడ్డు తగిలి, గోడ ఖణ్ మన్నది.

ఆయన వెన్ను నిటారుగా అయింది. మళ్లీ తట్టారు. ఖణ్. అది పాత ఆటలోని రాయి మోత. తొందరలో ఉన్న గుత్తేదారు పాతదాన్ని ఎన్నడూ పడగొట్టడు, దాని ముందు కొత్త గోడ లేపి చేతులు దులుపుకుంటాడు. ఈ సంగతి ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఈ గోడ వెనుక పాత వీధి ఉంది. కానీ గోడ రెండు నిలువుల ఎత్తు. ఆయన వేళ్లు సమయానికి మీట నొక్కవు. పడవవాడు ఎగరడం, జారడం, కాలువలో పడటం, ఇదే వరస. ఆయన టీవీ ఆపి, చెప్పులు తొడుక్కుని, ల్యాబుకు నడిచారు.

ల్యాబు ఒక పొడవాటి గది. గోడ పొడవునా అలమారల్లో ప్లాస్టరు దవడలు వరుసగా పళ్లు ఇకిలిస్తుంటాయి. కోడలు స్పిరిటు దీపం మీద కత్తి మొన కాచి, మైనపు చిగుళ్లను చెక్కుతోంది. వెనుక పాలిష్ చక్రం దగ్గర మెరుపు వంగి ఉన్నాడు. మామగారిని చూసి ఆమె గాభరాగా లేచింది.

“ఏమైంది మామయ్యా? సెట్టు ఎక్కడైనా ఒత్తుకుంటోందా?”

“సెట్టు భేషుగ్గా ఉందమ్మా. ఆ రెండో ఆటలో ఒక గోడ ఉంది. పాత రాయిలా మోగుతోంది.”

ఆమె మళ్లీ కూర్చుని కత్తిని దీపం మీద పెట్టింది. “ఆ ఊసు ఇంట్లో ఎత్తొద్దన్నాను కదా.”

“ఇది ఇల్లు కాదు కదమ్మా.”

మెరుపు చక్రం ఆపేశాడు. నవ్వితే బాగుండదని కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కోడలు మాత్రం నవ్వలేదు. ఆ చెత్త ఆటను తలుచుకుంటే తనకు కడుపు రగులుతుందనీ, ఎంతమందితోనో బాగుంటుందని చెప్పి వాళ్ల ముందు తలవంచుకోవలసి వచ్చిందనీ, పరాయివాళ్లకు ఇచ్చేయబోయే వస్తువును ఇంకా తట్టుకుంటూ కూర్చోవడం ఎందుకనీ మైనపు దవడతో చెబుతున్నట్టు చెప్పింది.

పెద్దాయన దారి పొడవునా అమర్చుకుని వచ్చిన వివరణను పక్కన పెట్టారు. అలమారలోని దవడలన్నీ ఆయన వైపే చూస్తున్నాయి.

“ఆ పెట్టె ఎవరికిచ్చినా నాకేం బాధ లేదమ్మా. సాయంత్రం వచ్చి నా పక్కన ఒక గంట కూర్చునేదానివి చూడు, అది మాత్రం ఎవరికీ ఇచ్చేయకు. అది లేకపోతే నాకు పొద్దుపోవట్లేదు.”

ఆమె కత్తిని పక్కన పెట్టి, దీపానికి మూత వేసింది.

“సార్, నన్ను మధ్యలో ఇరికించకండి,” అన్నాడు మెరుపు. “నేను అడిగింది పెట్టె ఒక్కటే.”

“నువ్వుండరా,” అని వాణ్ని కసిరి, ఆమె మామగారి వైపు తిరిగింది. “ఏ గోడ మామయ్యా?”

“చేపల అంగడి వెనకది. బాగా ఎత్తుంది. నా వల్ల కాలేదు.”

“అక్కడ పిల్లి ఉందా?”

“ఉంది. దాన్నీ తట్టాను. అదీ టప్పుమంది.”

వారం రోజుల తరువాత మొదటిసారి కోడలి ముఖంలో నవ్వు కనిపించింది. పిల్లిని కదపకుండా వచ్చారు కదా అని ఒకటికి రెండుసార్లు అడిగింది. అభిమానులు వెక్కిరిస్తూ పంచుకున్న తప్పుల్లో ఒకటి ఆమెకు గుర్తుంది. ఈ ఆటలో పిల్లి నెత్తిన నిలబడితే అది బుడగలా పైకి లేస్తుందట.

ఒంటిపూట కాగానే ముగ్గురూ ఇంటికి చేరారు. మెరుపు పెట్టెను కట్టుకుపోవడానికి తెచ్చుకున్న సంచిని తలుపు దగ్గర పడేసి నేల మీద కూర్చున్నాడు. కోడలు పడవవాణ్ని పిల్లి మీద నిలబెట్టింది. పిల్లి లేచింది. గోడ దాటింది, గాజు మేడ దాటింది, మబ్బుల్లోకి పోయింది. రేవంతా చేటంత అయింది, తరువాత చిప్పంత అయింది. పిల్లి మాత్రం ఏమీ జరగనట్టు పంజా నాకుతోంది. పెద్దాయన నవ్వు మొదలుపెట్టి ఆపలేకపోయారు. కోడలి చేతి సెట్టు గనుక ఊడలేదు, ఇంకొకరిదైతే బల్ల కిందికి పోయేది. నవ్వుతూనే ఆయన తనిఖీ అధికారి గొంతుతో సూచనలిచ్చారు. పిల్లి గోడ ఎత్తుకు రాగానే దూకాలి, ఆలస్యమైతే పైలోకమే. ఆమె పడవవాణ్ని మళ్లీ పిల్లినెక్కించి, ఈసారి ఆయన ‘ఇప్పుడు’ అనగానే మీట నొక్కింది.

పడవవాడు గోడ అవతల పడ్డాడు. పాదాల కింద ఖణ్ మన్నది.

పాత వీధి అలాగే ఉంది. ఒంటి దీపస్తంభాలు, వంగిన చూరులు, నీటిని ఆనుకుని నిలిచిన పడవలు. దీపాలు వెలగడం లేదు, అంతే. ఆమె ఒక్కొక్కటే వెలిగించుకుంటూ వెళ్లింది. వీధి చివర తెరచాపలు కుట్టే ముసలమ్మ గోడకేసి ముఖం పెట్టి నిలబడి ఉంది. పక్కకు చేరగానే గిరుక్కున తిరిగి, మళ్లీ చింపుకొచ్చావా అని మొదలుపెట్టింది. కోడలు చేతులతో ముఖం కప్పుకుంది. మెరుపు తనకు ఆ తిట్లన్నీ కంఠతా వచ్చునని ఒప్పుకుని, ఆవిడతో గొంతు కలిపాడు.

ఈ సంగతి బృందానికి చెప్పడమా మానడమా అని చిన్న చర్చ జరిగింది. వాళ్లను ఓపిక పట్టమన్నది తానే కనుక చెప్పి తీరాలన్నది కోడలు. చెప్పింది. చూస్తుండగానే చేపల అంగడి వెనుక ఎవరి పడవవాడు వారి పిల్లినెక్కి గాలిలోకి లేస్తున్న చిత్రాలు బృందంలోకి బారులు తీరి రాసాగాయి. పొద్దున తిట్టిపోసినవారంతా ఇప్పుడు ఏ పిల్లి బాగా ఎగురుతుందో చెప్పుకుంటున్నారు. కంపెనీవారు తప్పు దిద్దుకుని గోడ మూసేస్తారేమోనని మెరుపు బెంగపడ్డాడు. మూస్తే ఇంకొక గోడ చూద్దాం, తొందరలో కట్టినవాడు పాతదాన్ని ఒక్కచోటే వదిలి ఊరుకోడు కదా అన్నారు పెద్దాయన. మెరుపు తన సంచిని ఎందుకు తెచ్చుకున్నాడో మరిచిపోయాడు. ఎవరూ గుర్తు చెయ్యలేదు.

కొడుకు ఇల్లు చేరేసరికి వంట కాలేదు. హాలులో తన తండ్రి, తన భార్య, ఎవరో ముక్కూముఖం తెలియని కుర్రవాడు ఒకే సోఫాలో ఇరుక్కుని, చీకటి వీధిలో ఒక పడవ నెమ్మదిగా సాగడం చూస్తున్నారు. పందెం లేదు, లెక్క లేదు, చేరవలసిన చోటు ఏదీ తెర మీద కనిపించడం లేదు.

“ఇందులో ఏం చేయాలి?” అని అడిగాడు.

“ఏం చేయక్కర్లేదు,” అంది భార్య, కంట్రోలర్‌ను మామగారి చేతిలో పెడుతూ.

పెద్దాయన తెరమీంచి చూపు తిప్పకుండానే కోడలి వైపు ఇంకొంచెం ఒదిగి, కొడుక్కి చోటు చేశారు.

“కూర్చోరా,” అన్నారు.