సొట్ట కంచం

ఆ గదిలో ఎవరి కంచం వారిదే. గోడ పొడవునా చెక్క అల్మరా, అందులో నిలువుగా పేర్చిన కంచాలు. ఒకదాని అంచుకి ఎర్ర రంగు చుక్క, ఇంకోదాని మీద మేకుతో గీసిన చేప, మరోదానికి తీగతో కట్టిన గుండీ. మధ్యాహ్నం తలుపు తీయగానే వచ్చినవాళ్ళు తమ కంచం తామే తీసుకుని బల్ల దగ్గర కూర్చుంటారు. ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు అని అడిగేవాళ్ళుండరు. తిని, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టి వెళ్తారు. పని దొరికి ఇక రానక్కర్లేనివాడు తన కంచం ఇంటికి పట్టుకుపోతాడు. ఆ రోజు గదిలో అందరికీ సంతోషం. తాగొచ్చి తగువు పెట్టుకున్నవాడి కంచం మాత్రం మర్నాడు అల్మరాలో కనపడదు. అతనికి ఎవరూ ఏమీ చెప్పరు. ఖాళీ చూసుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడు. నోటితో పొమ్మనడం కన్నా అదే మర్యాద అని ఆ అన్నదాన సంస్థ పెట్టినవాళ్ళు అనుకున్నారు. అది మర్యాద అవునో కాదో పెద్దక్క ఎప్పుడూ ఆలోచించలేదు.

పెద్దక్క ఎవరికీ సొంత అక్క కాదు. తల్లిదండ్రులకి ఒక్కతే కూతురు. పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాక, పొద్దున్నే దీపం పెట్టుకుని ఆ గదికి వచ్చి వడ్డించడం మొదలుపెట్టింది. అలా అందరికీ పెద్దక్క అయింది. ఆకలిగొన్నవాడి రూపంలో దేవుడే వస్తాడని చిన్నప్పుడు విన్నది. ఆ దేవుడు ఇన్ని వంకలు పెడతాడని మాత్రం, గొడుగు తాతను చూసేదాకా ఆమెకు తెలియదు.

గొడుగు తాత చెప్పుల దుకాణం మెట్ల మీద కూర్చుని గొడుగులు బాగుచేస్తాడు. వానలుంటే పని, లేకపోతే పస్తు. ఆయన కంచం బండి చక్రం కింద పడి నడుమ పెద్ద సొట్ట పోయింది. కొత్తది ఇస్తానంటే ఒప్పుకోలేదు.

“సొట్టలో అయితే కూర నిలుస్తుంది అమ్మాయ్. కొత్తదాంట్లో నాలుగు మూలలకీ పారిపోతుంది.”

“గుండ్రటి కంచానికి మూలలెక్కడివి తాతా?”

“నీకు ఆకలి లేదు కాబట్టి కనపడవులే.”

రోజూ ఇదే వరస. అన్నం ఉడికిందా, ఉడుకుతానని మాటిచ్చి ఊరుకుందా అనేవాడు. పళ్ళున్నవాళ్ళు అడగాల్సిన మాట అది అని ఆమె అనేది. పళ్ళు పోతే పోయాయి, నోరుందిగా అనేవాడు. ఆ నోటి కోసమే పెద్దక్క ఆయనకి ఒక గరిటె ఎక్కువ వేసేది.

ఎన్నికలు దగ్గరపడ్డ రోజులవి. వీధుల నిండా జెండాలు, మైకులు. ఆ మధ్యాహ్నం తాత ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

“కూరలో ఉప్పేదమ్మాయ్? అది కూడా ఓట్లడగడానికి పోయిందా?”

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. వంటాయన గరిటెతో తల కొట్టుకున్నాడు. పెద్దక్కకీ నవ్వొచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని అంది:

“ఇంకోసారి వంక పెట్టావంటే కంచం తీసేస్తాను, చూసుకో.”

“తీసెయ్. నీ గరిటెలోనే తింటాను” అన్నాడు తాత. సొట్టలో మిగిలిన కూర వేలితో తుడుచుకు తిని, కంచం కడిగి పెట్టి, గొడుగుల సంచీ భుజాన వేసుకుని వెళ్ళాడు.

ఆ సాయంత్రమే కార్యదర్శి గారు సంస్థకు సాయం చేసేవాళ్ళందర్నీ కూర్చోబెట్టారు. మందుల దుకాణం నడిపి మానేసిన మనిషి. మాట కూడా పొట్లం కట్టినట్టు కొలిచి ఇస్తారు.

“ఏటికేడాది మనం కొత్త అల్మరా చేయిస్తున్నాం. అది మన గొప్ప కాదు, ఊరి సిగ్గు. మనం వడ్డిస్తూ పోతే కంచాలు పెరుగుతాయి గానీ పేదరికం తగ్గదు. అందుకని ఈసారి మనం వెళ్ళి అభ్యర్థులను అడగాలి. ఏ పార్టీ అయినా సరే, అందరినీ ఒకే మాట. ఈ ఊళ్ళో ఇలాంటి గది అవసరం లేకుండా చెయ్యడానికి మీరేం చేస్తారు? అంతే. పొగడొద్దు, తిట్టొద్దు. జవాబు విని రండి.”

పెద్దక్కకి పెట్టడం వచ్చు, అడగడం రాదు. దేవుణ్ణి కూడా ఇది కావాలని ఏనాడూ అడగలేదు. అందరూ చల్లగా ఉండాలని దండం పెట్టి ఊరుకునేది. అలా ఊరుకోవడం భక్తా, బద్ధకమా అని ఆ సాయంత్రం మొదటిసారి అనుమానం వచ్చింది. అందరూ చల్లగా ఉండాలంటే ఎవరో ఒకరు వెళ్ళి అడగాలి కదా.

“నేను వెళ్తాను” అంది. అనేశాక భయం వేసింది. వట్టి చేతులతో పెద్దమనిషి ముందు నిలబడితే నోరు పెగలదని తెలుసు. చేతిలో ఒక ఖాళీ కంచం ఉంటే మాట అదే వస్తుందనిపించింది. అల్మరా దగ్గరికి వెళ్ళి చూసింది. మెరిసే కంచాలు ఏం చెప్తాయి? సొట్ట కంచం తీసి సంచీలో పెట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నం లోపు మళ్ళీ పెట్టేయొచ్చు.

ఆమె భర్త బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. తోడు వచ్చాడు. ఆ రాత్రి అభ్యర్థి ఆఫీసులో కుర్చీలకన్నా మనుషులు ఎక్కువ. చాలాసేపు నిలబడ్డారు. చివరికి అభ్యర్థే ఎదురొచ్చాడు, సొంత కొడుకేమో అన్నంత మర్యాదగా.

“చెప్పండమ్మా.”

పెద్దక్క కంచం తీసి పట్టుకుంది. మాట నిజంగానే వచ్చింది. గది గురించి చెప్పింది, ఏటికేడాది పెరిగే అల్మరాల గురించి చెప్పింది, అడగాల్సింది అడిగింది. అభ్యర్థి కంచాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

“ఎవరిదమ్మా ఇది?”

“మా దగ్గర తినే ఒకాయనదండీ.”

“దీన్ని నా బల్ల మీద పెట్టుకుంటానమ్మా. రోజూ చూసుకుంటాను. గెలిచాక నేనే వచ్చి తిరిగిస్తాను, అప్పటికి మీకు దీని అవసరమే ఉండకూడదు.”

చప్పట్లు మోగాయి. ఎవరో ఫొటో తీశారు. అది కాదండీ, రేపు ఆయన ఇందులోనే తినాలి అన్న మాట పెద్దక్క గొంతు దాకా వచ్చింది. అంతమంది ఎదురుగా, అంత మంచిమాట అన్న మనిషిని, కంచం ఇచ్చెయ్యమని ఎలా అడగడం? మొహమాటం ఆ మాటను మింగేసింది. దండం పెట్టి బయటికి వచ్చింది.

“కంచమేది?” అన్నాడు భర్త.

“ఉంచుకుంటామన్నారు.”

“వాళ్ళంటే నువ్వు ఇచ్చేస్తావా? నీ మొహమాటంతో రేపు ఎవరైనా మొగుణ్ణి అడిగినా ఇచ్చి వచ్చేలా ఉన్నావే.”

“మిమ్మల్ని ఎవరడుగుతారు లెండి” అంది. నవ్వింది గానీ ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. ఇంటికి వెళ్ళి, కూతురు చిన్నప్పుడు తిన్న కంచం వెతికి తీసింది. రేపు తాత కన్నా ముందు వెళ్ళి దాన్ని అక్కడ పెట్టాలి, జరిగింది చెప్పాలి. ఎన్ని వంకలు పెడతాడో, పెట్టనీ అనుకుంది.

మర్నాడు తొందరగానే బయల్దేరింది. గుమ్మంలోనే కార్యదర్శి గారు పట్టుకున్నారు. పేపర్లో ఫొటో వచ్చింది. పక్క గదిలో నలుగురూ చేరారు. “పెద్దక్కా, ఏం జరిగిందో నీ నోటితోనే చెప్పు.” లోపల కంచం పెట్టి వస్తానంటే సరిపోయేది. పెద్దాయన పిలిచాక కాదని ఎలా వెళ్ళడం? కంచం సంచీలో పెట్టుకునే కూర్చుంది. వాళ్ళు మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. ఆమె వడ్డన గదిలోకి వచ్చేసరికి అందరూ తింటున్నారు.

“తాత రాలేదా?” అంది వంటాయనతో.

“వచ్చాడక్కా. అల్మరా ముందు నిలబడ్డాడు. నేను అన్నం దించుకుంటున్నా. నీ కంచమేది తాతా అందామని తిరిగేసరికి లేడు. బయటికెళ్ళాడేమో అనుకున్నా.” వంటాయన మాట ఆపి ఆమె మొహం కేసి చూశాడు. “నిన్న నువ్వన్నది... ఉత్త మాటే కదక్కా?”

పెద్దక్క చెప్పులు వేసుకోకుండానే వీధిలోకి పరుగెత్తింది.

మెట్ల మీద తాత లేడు. చెప్పుల దుకాణం ఆయన చెప్పాడు: “ఇందాకే సామాను సర్దుకున్నాడమ్మా. ఏమైంది తాతా అంటే, నా నోరే నాకు శత్రువు అన్నాడు. ఇంకేం చెప్పలేదు.”

ఆకలితో వచ్చినవాడు ఒక్క మాట అడిగి ఉంటే తీరిపోయేది. ఆమె ఒక్క మాట చెప్పి ఉన్నా తీరిపోయేది. ఆయనకి అభిమానం అడ్డొచ్చింది, ఆమెకి మొహమాటం అడ్డొచ్చింది. నోటి దగ్గర కూడు తీసేయడం అంటే ఎవరో పాపాత్ములు చేసే పని అనుకునేది. దీపం పెట్టుకుని వెళ్ళి మరీ చేసింది తను.

వానలు పట్టాయి. గొడుగులు విరిగే కాలం, తాతకి పని ఉండే కాలం. భార్యాభర్తలిద్దరూ బస్టాండు, మార్కెట్టు, సత్రం అన్నీ వెతికారు. కండక్టరు తన పాత స్నేహితులందరికీ చెప్పాడు. గది అల్మరాలో ఆ ఖాళీ అలాగే ఉంది. కూతురి కంచం అక్కడ పెట్టడానికి ఆమెకి చెయ్యి రాలేదు.

ఒకరోజు నేరుగా అభ్యర్థి ఆఫీసుకి వెళ్ళింది. ఆయన ప్రచారంలో ఉన్నాడట. బల్ల మీద కంచం లేదు. వెనక వరండాలో కార్యకర్తలు పోస్టర్లు అంటించడానికి పిండి జిగురు కలుపుకుంటున్నారు. సొట్ట కంచంలో. కూర నిలిచే చోట జిగురు గడ్డకట్టి ఉంది.

“అది ఇచ్చెయ్యండి” అంది పెద్దక్క.

“ఇంకా అయిపోలేదమ్మా, కాసేపాగి...”

“అది మా తాతది. ఇప్పుడే ఇచ్చెయ్యండి.”

ఆ గొంతు విని ఒకతను జిగురు పారబోసి ఇచ్చేశాడు. ఇంత తేలికైన మాటా ఇది అనుకుంది. కుళాయి కింద కూర్చుని గోళ్ళతో గీకి కడిగింది.

చెప్పుల దుకాణం ఆయనే కబురు తెచ్చాడు. బస్టాండు వెనక వానలో పడి ఉన్న ముసలాయన్ని పెద్దాసుపత్రిలో చేర్చారట, పక్కన గొడుగుల సంచీ ఉందట.

తాత మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. పెద్దక్క కంచం ఆయన కళ్ళ ముందు పట్టుకుంది.

“తీసెయ్యలేదు తాతా. నీ మీదొట్టు. నీలాంటివాళ్ళ గురించి ఒకాయన్ని అడుగుదామని పట్టుకెళ్ళాను. చూపించడానికి.”

తాత వేలితో సొట్ట తడిమాడు.

“దాన్నెందుకు తీసుకెళ్ళావు అమ్మాయ్. నన్ను తీసుకెళ్ళాల్సింది. నాకు నోరుందిగా.”

పెద్దక్క ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన అన్నం మెత్తగా కలిపి సొట్టలో పెట్టింది. రోగికి ఉప్పు తగలకూడదని నర్సమ్మ చెప్పిన మాట కూడా దుకాణం ఆయన కబురులో ఉంది. అందుకని చప్పిడిగా వండి తెచ్చింది. ఒక ముద్ద నోటికి అందించింది. తాత మెల్లగా మింగాడు. ఎన్నడూ లేనిది, బెదురుగా ఆమె మొహంలోకి చూశాడు.

“ఉప్పు సరిపోయింది” అన్నాడు.

రెండో ముద్ద కలిపింది. తిట్టు తాతా, ఒక్క వంక పెట్టు అని లోపల్లోపల బతిమాలుకుంది. దేవుణ్ణి ఇది కావాలని ఆమె అడిగింది ఆ ఒక్కసారే. తాత ఇంకో ముద్ద తిని, చాలన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. మర్నాడు మళ్ళీ అన్నం పట్టుకుని వెళ్ళేసరికి ఖాళీ మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

ఓట్ల రోజుకి ముందు కార్యదర్శి గారు ఇంకో అభ్యర్థి దగ్గరికి ఎవరు వెళ్తారని అడిగారు. అడగలేక అడిగారు. పెద్దక్క లేచింది. ఈసారి చేప గుర్తు కంచం మనిషినీ, గుండీ కంచం ఆమెనీ ముందే అడిగింది, మీరూ వస్తారా అని. అడగాల్సింది వాళ్ళే అడిగారు. పెద్దక్క వాళ్ళ వెనకాల నిలబడింది. ఆ అభ్యర్థి ఆమె చేతిలో ఉన్న సొట్ట కంచం చూసి, ఏదమ్మా, ఇలా ఇవ్వండి అని చెయ్యి చాచాడు.

“చూడండి” అంది. “చేతికి ఇవ్వను.”

ఆయన చూస్తానన్నాడు, చేస్తానన్నాడు. ఏం చేస్తాడో దేవుడికే తెలియాలి. మధ్యాహ్నానికి ముగ్గురూ గదికి తిరిగి వచ్చారు. పెద్దక్క సొట్ట కంచాన్ని కొంగుతో తుడిచి, దాని చోట్లో నిలబెట్టింది.

“ఇంక అదక్కడ ఎందుకక్కా?” అన్నాడు వంటాయన మెల్లగా.

“ఉండనీ. కంచం ఉంటే రావచ్చనే కదా మన గదిలో అర్థం” అంది.

కూర గిన్నె అందుకుంది. ఎందుకో ముందు కాస్త రుచి చూసింది. ఉప్పు లేదు. వంటాయనకి ఆ మాట చెప్పడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.