చదివి సంతకం పెట్టండి

ఆయన సంతకం పెట్టాలంటే రెండు ఏర్పాట్లు జరగాలి. కలం మూత తీసి చేతికివ్వాలి, పెట్టాల్సిన చోట వేలు ఆనించి చూపించాలి. మిగతాది ఆయనే చూసుకుంటారు. ఫోన్లో మాట్లాడుతూ పెడతారు, బూట్లు తొడుక్కుంటూ పెడతారు. ఆ రోజు పొద్దున టీ తాగుతూ పెట్టారు. మూడు పేజీల కాగితం. ఆమె ఒక్కొక్క పేజీ తిప్పి వేలు ఆనించింది.

"ఒకసారి చదవండి," అంది.

"నువ్వే రాశావుగా."

"నేను రాశాననే చదవమంటున్నాను."

"పదకొండేళ్లుగా రాస్తున్నావు. ఇవాళ కొత్తగా చదవడమేంటి?" అన్నారాయన. రెండో పేజీ అయింది.

"చివరి పేజీ అయినా చూడండి."

"పొద్దున్నే బుర్ర తినకు," అని మూడో పేజీ కింద పొడుగ్గా తోక లాగి సంతకం చేసి, ఖాళీ కప్పు కూడా ఆమె చేతిలోనే పెట్టారు. కప్పు కడుగుతూ ఆమె లెక్క చూసుకుంది. మూడుసార్లు చెప్పింది. ఇంక తన తప్పేం లేదు.

ఆయన లా కాలేజీలో పీజీ వాళ్లకి కాంట్రాక్టు చట్టం చెబుతారు. బయటి దేశాల నుంచి వచ్చి చేరే విద్యార్థుల విభాగానికి పెద్ద కూడా ఆయనే. పెద్దంటే ప్రారంభోత్సవం రోజు మాట్లాడేది, ఫోటోలో మధ్యన నిలబడేది. ఆ విభాగం పని జరిగేది మెట్ల కింద ఏడో నంబరు గదిలో. అక్కడ కూర్చునేది ఆమె. తాత్కాలిక ఉద్యోగం, ఏడాదికోసారి ఆయన దయతలిస్తే పొడిగింపు. "ఇంట్లో ఊరికే కూర్చునే బదులు కాలక్షేపంగా ఉంటుందని పెట్టాను," అని వచ్చినవాళ్లకి చెబుతుంటారు. ఇంట్లో ఆమె ఊరికే కూర్చోవడం ఆయన ఎప్పుడు చూశారో ఆయనకే తెలియాలి. పొద్దున ఐదింటికి లేచి, అత్తగారి మందులూ ఆయన చొక్కాలూ ఇద్దరికీ వేరువేరు వంటలూ ముగించి బస్సెక్కితే, ఏడో గది ముందు అప్పటికే నలుగురు నిలబడి ఉంటారు. ఒకరికి ఇంటి ఓనరు తాళం ఇవ్వడు. ఇంకొకరికి బ్యాంకులో ఖాతా తెరవనివ్వరు. ఇంకొకరి వీసా గడువు ఎల్లుండితో అయిపోతోంది, కాగితం ఎక్కడుందో తెలియదు. అందరికీ ఆమె చెప్పే మొదటి మాట ఒకటే. ఎవరేం కాగితం ఇచ్చినా చదవకుండా సంతకం పెట్టొద్దు, అర్థం కాకపోతే నా దగ్గరికి తీసుకురండి, ఇద్దరం కలిసి చదువుదాం. విద్యార్థులు ఆమెని ఏడో గది మేడమ్ అంటారు.

ఆయన కూడా ఆ మాటే చెబుతారు, కాకపోతే తమాషాగా. ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో ఒక కాగితం తిప్పుతారు. హాజరు పట్టీ అనుకుని అందరూ సంతకాలు పెట్టేస్తారు. అప్పుడాయన కళ్లజోడు సవరించుకుని పైనున్న చిన్న అక్షరాలు చదివి వినిపిస్తారు. "కింద సంతకం చేసిన నేను ఏడాది పొడుగునా రోజూ ప్రొఫెసరు గారికి టీ తెచ్చి ఇవ్వడానికి ఒప్పుకుంటున్నాను." క్లాసంతా గొల్లుమంటుంది. "నవ్వకండి. చదవలేదన్నది సాకు కాదు. పెట్టారంటే చదివినట్టే," అంటారు. ఊళ్లో సగం మంది లాయర్లకి ఈ పాఠం గుర్తు. ప్రిన్సిపాలు ప్రతి సభలోనూ చెప్పి నవ్వుతారు. ఆ కాగితం ప్రతి ఏడాదీ టైపు చేసేది ఆమె.

ఆ పాఠం ఎక్కడ పుట్టిందో కూడా ఆమెకే తెలుసు. పెళ్లినాటికి ఆమె లా రెండో ఏడాది చదువుతోంది. కాపురానికి వచ్చిన నెలకి ఆయన ఒక కాగితం తెచ్చి, "సెలవు చీటీ. ఇల్లు కుదుటపడ్డాక వచ్చే ఏడాది మళ్లీ చేరుదువుగాని, ఇక్కడ పెట్టు," అన్నారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. తడిచెయ్యి చీరకి తుడుచుకుని పెట్టేసింది. ఏడాది తిరిగాక కాలేజీకి వెళితే గుమాస్తా ఫైలు తీసి చూపించాడు. సెలవు చీటీ కాదు, స్వచ్ఛందంగా చదువు మానుకుంటున్నానన్న కాగితం. కింద తన సంతకం, పాలచుక్క మరకతో సహా. ఇంటికొచ్చి అడిగితే ఆయన నవ్వారు. "చదవకుండా ఎవరు పెట్టమన్నారు? లా స్టూడెంటువి కదా," అన్నారు. ఆ తర్వాత బంధువులొచ్చినప్పుడల్లా, "కాంట్రాక్టు చట్టంలో మొదటి పాఠం మా ఆవిడకి నేనే చెప్పాను," అని ఆ ముచ్చట విప్పేవారు. అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆమె అందరికీ పళ్లేలు అందించేది. ఇరవై రెండేళ్లయింది. మర్చిపోయిందని అందరూ అనుకున్నారు, ఒక్కోసారి ఆమె కూడా అనుకుంది.

ఈ ఏడాది కాలేజీ ఏడో గదికి పక్కా ఉద్యోగం మంజూరు చేసింది. విదేశీ విద్యార్థుల అధికారి. ప్రకటన బోర్డు మీద పెట్టిన రోజే ఆమె దరఖాస్తు రాసింది. డిగ్రీ చాలు, లా అక్కర్లేదు, అనుభవం ముఖ్యం అన్నారు. ఆయన భోజనాల దగ్గర విని చెయ్యి ఆపేశారు. "నేను పెద్దగా ఉన్న విభాగంలో నా భార్యా? సొంతవాళ్లని దూర్చాడని నలుగురూ అనరూ? రేపే వెనక్కి తీసుకో," అన్నారు. తీసుకుంది. పది రోజులకి ఆయన అక్కగారి కొడుకు సూట్‌కేసుతో దిగాడు. "అత్తయ్యా, మామయ్య నన్ను మీ దగ్గర పని నేర్చుకోమన్నాడు," అన్నాడు. వాడికి ఏడో గదిలో ఆమె కుర్చీ ఇచ్చారు. ఆమెకి పక్కన స్టూలు పడింది. అత్తగారేమో, "మనవాడే కదమ్మాయ్, కాస్త చెప్పిపెట్టు. నీకెందుకీ వయసులో ఉద్యోగాలు," అన్నారు. ఈ వయసులో ఉద్యోగం ఎందుకని ఆ ఇంట్లో ఇంకెవరినీ ఎవరూ అడగలేదు, ఆమెని తప్ప.

మేనల్లుడు చెడ్డవాడు కాదు. ఫోనూ వాడూ ఒక లోకం, అంతే. ఆ లోకంలో ఉండగా జడ్జిగారు కాగితాలు తెచ్చి ఇచ్చింది. జడ్జిగారంటే విద్యార్థినే. నలభై ఏళ్లావిడ, వాళ్ల దేశంలో నిజంగానే జడ్జి. ఇద్దరు ఆడపిల్లల్ని వాళ్ల నాన్న దగ్గర వదిలి చదువుకోవడానికి వచ్చింది. వాళ్ల దేశంలో చట్టమంతా సూత్రాల పుస్తకం. ఇక్కడ వంద పేజీల పాత తీర్పులు చదవమనేసరికి మొదటి నెలలో ఏడో గదిలో కూర్చుని ఏడ్చింది. ఆమె పక్కన కూర్చుని నేర్పింది. "మొదట ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేశారో చూడండి. తర్వాత కోర్టుని ఏమడిగారో చూడండి. ఈ రెండూ దొరికితే మిగతాది కబుర్లే." వేలు పెట్టి, వరస వరసా, నిదానంగా. ఆ జడ్జిగారు గడువు పొడిగింపు కోసం ఇచ్చిన కాగితాల్ని వీడు సొరుగులో వేసి మరిచిపోయాడు. గడువు దాటిపోయింది. దేశం విడిచి వెళ్లమని నోటీసు వచ్చింది.

ఆమె రెండు రోజులు విదేశీయుల ఆఫీసులో నిలబడింది. ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిరిగింది, బతిమాలింది, అరిచింది, పాత ఉత్తర్వు ఒకటి తవ్వి తీసి అధికారి బల్ల మీద పెట్టింది. మొత్తానికి నోటీసు రద్దయింది. బయట మెట్ల మీద జడ్జిగారు ఆమె చేతులు పట్టుకుని, వచ్చీరాని భాషలో, "నా కోర్టులో అయితే, ఈ ఫైలు మీద ఎవరి పేరుంది అని అడుగుతాను," అంది. ఆ సాయంత్రం ఆయన్ని అడిగితే జవాబు తేలిగ్గానే దొరికింది. "ఫైలు మీద వాడి పేరు రాసెయ్. అనుభవం కింద పనికొస్తుంది. అలాగే ఆ పక్కా ఉద్యోగానికి వాడి సిఫారసు పత్రం కూడా తయారుచెయ్. చివర్లో, అభ్యర్థుల్లో మీ బంధువులున్నారా అని ఒక గడి ఉంటుంది. లేరు అని పడెయ్. ఇంటిపేర్లు వేరు, ఎవడు చూస్తాడు?"

ఆమె సరేనంది. స్టూలు మీద కూర్చుని పత్రం నింపింది. సిఫారసు చేస్తున్న పేరు అన్నచోట మేనల్లుడి పేరే రాసింది, ఆయన చెప్పిన పొగడ్తలతో సహా. ప్రస్తుతం ఈ పని ఎవరు చేస్తున్నారు అన్నచోట పదకొండేళ్ల పని ఉన్నదున్నట్టు రాసింది, తన పేరుతో. ఆఖరికి జడ్జిగారి కాగితాలు ఎవరి సొరుగులో ఎన్ని రోజులున్నాయో కూడా. బంధువుల గడి దగ్గర కలం ఆపింది. లేరు అన్నది రెండక్షరాలు. దానికి బదులు నాలుగు వరసలు రాసింది. 'సిఫారసు చేసిన అభ్యర్థి నా సొంత అక్క కొడుకు. నా భార్య కూడా దరఖాస్తు చేసింది. బంధువులు ఉండకూడదని చెప్పి ఆమె చేత వెనక్కి తీయించాను. తర్వాత మేనల్లుడిని పిలిపించాను.' అంతటా నిజమే రాసింది. ఇన్నేళ్లు ఆయన కోసం రాసినవాటిలో ఇంత ఇష్టంగా రాసింది ఇంకోటి లేదు.

ఆ పత్రం మీదే ఆయన టీ తాగుతూ సంతకం పెట్టింది.

మర్నాడు ఎంపిక సంఘం కూర్చుంది. ఫైళ్లు అందించడానికి ఆమెని ఒక మూల కూర్చోబెట్టారు. ప్రిన్సిపాలు, ఆయన, ఇంకో ఇద్దరు ప్రొఫెసర్లు, బయటి సభ్యురాలిగా ఒక సీనియర్ లాయరు. పొట్టి జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్లజోడు. అందరూ పత్రం మొదటి పేజీలో సిఫారసు చేసిన పేరు మాత్రం చూసి పక్కన పెడుతుంటే, ఆవిడ వరసగా చదవడం మొదలుపెట్టింది. ఆమె ఆవిడ కళ్లనే చూస్తూ కూర్చుంది. మొదటి పేజీ. రెండో పేజీ. మూడో పేజీ మధ్యలో కళ్లు ఆగాయి, మళ్లీ పైకి వెళ్లాయి.

"మీ నిజాయితీకి ఆశ్చర్యంగా ఉంది ప్రొఫెసరు గారూ," అంది లాయరు.

ఆయన వినయంగా నవ్వారు. "ఏదో, మన పద్ధతి."

"అయితే ఈ నాలుగు వరసలు అందరికీ చదువుతాను," అని చదివింది. సొంత అక్క కొడుకు అన్నచోట ఆయన నవ్వు అలాగే ఉంది. నా భార్య అన్నచోట పోయింది. కాగితం లాక్కున్నంత పని చేసి చూసుకున్నారు. "ఇది... ఎక్కడో పొరపాటు. నేను చెప్పింది ఇది కాదు."

"మూడు పేజీల మీదా సంతకాలు మీవేనా?"

"నావే. కానీ నేను చదవలేదు."

ప్రిన్సిపాలు కిటికీ వైపు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి. ఒక ప్రొఫెసరుకి పొలమారింది. లాయరు మాత్రం నవ్వలేదు. "నా జూనియర్ మీ శిష్యురాలే. మీ మొదటి క్లాసు కథ నాకు నాలుగుసార్లు చెప్పింది," అంది. తర్వాత, ఈ ప్రకటన రద్దు చేసి కొత్తది వెయ్యాలనీ, ప్రొఫెసరు గారు వారంలోగా సంజాయిషీ రాసివ్వాలనీ, వారి బంధువులకు సంబంధించిన ఏ నిర్ణయంలోనూ వారు కూర్చోకూడదనీ, అయితే దరఖాస్తు పెట్టుకోవడానికి ఎవరికీ అడ్డు లేదనీ తీర్మానం రాయించింది. ఆమె మూల కూర్చుని తన లోపల జాలి ఏమైనా పుడుతుందేమో అని చూసుకుంది. పుట్టలేదు. సంతోషమే వేసింది, కడుపునిండా.

వరండాలో ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపారు. పళ్ల మధ్య నుంచి, "ఏం రాశావే నువ్వు?" అన్నారు.

"చదవకుండా ఎవరు పెట్టమన్నారు?" అంది. అదే మాట, అదే తీరులో. ఇరవై రెండేళ్లు దాచుకున్న మాట కదా, ఒక్క అక్షరం కూడా అరగలేదు.

ఇంట్లో నాలుగు రోజులు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. ఇల్లు ఇంత హాయిగా ఉంటుందని ఆమెకి తెలియదు. మేనల్లుడు సూట్‌కేసు సర్దుకున్నాడు. పోతూ పోతూ, "అత్తయ్యా, నాకు కూడా ఈ పని పడదు," అని చిన్నగా చెప్పి వెళ్లాడు. అత్తగారు గోడకి చెబుతున్నట్టు, "మొగుడి పరువు బజారున పడేసింది," అన్నారు. ఆమె తన కొత్త దరఖాస్తు నింపుతూ విన్నది. నాలుగుసార్లు చదువుకుని సంతకం పెట్టుకుంది.

ఐదో రోజు మధ్యాహ్నం ఆయన వచ్చారు. చేతిలో ఒక పేజీ కాగితం, తనే టైపు చేసుకున్నది. ఆమె ముందు పెట్టారు. కలం మూత తనే తీసి అందించారు. కాపురంలో మొదటిసారి. "ఎక్కువేం లేదు. ఇక్కడ ఒక సంతకం పెట్టు, ఈ గొడవ అయిపోతుంది," అని పెట్టాల్సిన చోట వేలు ఆనించారు.

ఆమె కళ్లజోడు తెచ్చుకుంది. కుర్చీ వెలుతురు వైపు లాక్కుంది. వరస వరసా, జడ్జిగారికి నేర్పినట్టే, నిదానంగా చదివింది. 'ఇంటిపనుల ఒత్తిడి వల్ల నా మనసు సరిగా లేక, నా భర్తకు తెలియకుండా, ఆ పత్రంలో లేనిపోని అబద్ధాలు రాశాను.' ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నారో చూసింది. ఏమడుగుతున్నారో చూసింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. ఆయన నిలబడే ఉన్నారు. వేలు కాగితం మీదే ఉంది. ఎర్ర పెన్సిలు తీసుకుని రెండు అక్షర దోషాలు దిద్దింది. పదకొండేళ్ల అలవాటు కదా.

కలం మూత పెట్టేసి కాగితం మీద ఉంచి ఆయన వైపు జరిపింది.

"చదివాను," అంది. "అందుకే పెట్టడం లేదు."