మూడు కత్తెరలు

నా జుట్టు వయసు వల్ల రాలిపోతోందా, లేక గంగమ్మ తల్లి తన బాకీని తానే ఒక్కొక్క వెంట్రుకగా వసూలు చేసుకుంటోందా అని చాలా ఏళ్లుగా నాకొక అనుమానం. నవ్వుతారని ఎవరినీ అడగలేదు.

మా లోహిత్‌కు రెండేళ్లప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. మదనపల్లె ఆస్పత్రి వరండాలో నిలబడి, పుంగనూరు దారిలో కొండ మీదుండే గంగమ్మకు మొక్కుకున్నాను. బిడ్డ లేచి కూర్చుంటే వాడికి గుండు కొట్టిస్తానని, నేను మూడు కత్తెరలు ఇస్తానని. మూడు కత్తెరలంటే ఆడవాళ్లు గుండుకు బదులు జడ చివర మూడుసార్లు కత్తిరించి ఇవ్వడం. బిడ్డ లేచాడు. నెల తిరక్కముందే వాడికి గుండు కొట్టించాం. నా మొక్కు మాత్రం నిలిచిపోయింది. ఆ వారంలోనే కుప్పంలో మా తమ్ముడి పెళ్లి. నా జడ అప్పుడు నడుము దాటి ఉండేది. పెళ్లయ్యాక ఇద్దామనుకున్నాను. పదిహేడేళ్లు గడిచాయి. మొదట్లో అందం కోసం ఆపాను. తర్వాత, పలచబడిపోతోంది, ఇప్పుడు కత్తిరిస్తే ఇంకేం మిగులుతుందని ఆపాను.

రాలిన వెంట్రుకలను మాత్రం పారేయలేదు. మా వీధిలోకి సైకిలు మీద ఒకాయన వచ్చి వెంట్రుకలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇస్తాడు. మా అత్త అక్కమ్మ తనవి ఇచ్చి రెండు పాలగిన్నెలు సంపాదించింది. నేను ఇవ్వలేదు. అవి అమ్మవారివేమోనని భయం. దువ్వెనకు వచ్చినవన్నీ ఉండలు చుట్టి, గుడ్డ సంచిలో వేసి బీరువా కింద దాచేదాన్ని. ఎప్పటికైనా మొక్కుకు బదులు ఆ సంచే ఇచ్చేయొచ్చు కదా అని లోలోపల ఒక ఆశ కూడా ఉండేది.

చేయని వైద్యం లేదు. మదనపల్లెలో చర్మం డాక్టరు రక్తపరీక్ష చేయించి మాత్రలిచ్చాడు, తలకు కొట్టుకునే మందు ఇచ్చాడు. ఆరు నెలలు ఆగమన్నాడు. ఆగడమే నాకు చేతకాదు. ఉల్లిపాయ రసం పట్టించాను.

"ఏమ్మే రాజేశ్వరీ, తలకు తిరగమాత పెట్టినావా? వీధి మొదట్లోకే ఎర్రగడ్డ వాసన వస్తాండాది" అన్నాడు మా ఆయన వెంకటరమణ, టమోటా మార్కెట్ నుంచి వస్తూనే.

పాపిట్లో తెల్లగా కనపడే చోట కాటుక రుద్దుకోవడం మొదలుపెట్టాను. ఒక శుక్రవారం పూజలో హారతి వేడికి చెమట పట్టి అది నుదుటి మీదికి కారింది. దేవుడి ముందు కూర్చుని నల్లటి చెమట తుడుచుకుంటుంటే నా మీద నాకే జాలేసింది.

ఇంతలో తమ్ముడి కూతురు రూపకు ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. తమ్ముడి భార్య సుమలత ఫోన్ చేసింది.

"వదినా, మేనత్తవు, హారతి నువ్వే పట్టాల. వీడియోవాళ్లు వస్తాండారు. మా పెళ్లి ఆల్బంలో మాదిరి పెద్ద జడ ఏసుకోని రావాల!"

మూడేళ్లుగా కుప్పం వెళ్లినప్పుడల్లా తలకు పోసుకున్నానని చెప్పి ముడి చుట్టుకునే కనపడ్డాను. ఇప్పుడు ఆ సాకు పనికిరాదు. సంచి తీసుకుని పుంగనూరు బస్సెక్కాను.

పుంగనూరులో ఖాతూన్ సవరాలు కడుతుంది. సవరం అంటే జడలో కలుపుకునే వెంట్రుకల పాయ. వసారాలో కూర్చుని నా ఉండలను విప్పి, సూదితో చిక్కు తీస్తూ ఒకటే ఆశ్చర్యపోయింది.

"ఎన్నేండ్లవి అమ్మా ఇవి? నల్లగా నిగనిగా ఉండాయి. పెద్ద సవరానికే సరిపోతాయి."

ఆమెకు మా గంగమ్మతో సంబంధం లేదు. అందుకేనేమో, ఎవరికీ చెప్పనిది ఆమెతో చెప్పాను. మొక్కు గురించి, ఆ సంచి గురించి.

"ఇవే గుడిలో ఇచ్చేస్తే సరిపోదా ఖాతూనమ్మా? ఇవీ నా తలవే కదా?"

ఆమె సూది ఆపింది. "మా ఇండ్లల్లో బక్రీదు కుర్బానీకి కుంటి పొట్టేలును ఇయ్యరమ్మా. బాగుండేదాన్నే ఇయ్యాల. ఇవి నువ్వు ఇచ్చినవా? రాలిపోయినవి."

"అయితే నా తలమీద మిగిలిందీ కుంటిదే కదా!"

ఖాతూన్ నా తలవైపు చూసి నవ్వింది. "అది కుంటిది కాదు, బక్కది. నీ ఇంట్లో ఉండేది అదొకటే అయితే అదే ఇస్తావు. నేనేం చెప్పేది, మీ అమ్మవారి సంగతి మీకే తెలియాల."

ఆ మాట బస్సులో నాతోనే వచ్చింది. ఆమె కట్టిచ్చిన సవరం నా ఒళ్లోనే ఉంది గానీ అది నాదని అనిపించలేదు. అమ్మవారి పేరుతో దాచి, అందం కోసం పెట్టుకోబోతున్నాను. ఇంటికొచ్చి పెట్టుకుని చూస్తే అదే రంగు, అదే ఒత్తు. అద్దంలో పదిహేడేళ్ల కిందటి జడ కనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కుప్పం కల్యాణమంటపంలో అందరూ నా జడనే చూశారు. "అత్తా, నాకు నీ జుట్టు రాలేదు సూడు" అని రూప అలిగింది. నాకు ఒక్కచోట కూర్చోబుద్ధి కాలేదు. నీళ్లు తాగాను, మళ్లీ తాగాను, ఎవరు వెనక నిలబడినా మెడ తిప్పి చూశాను.

హారతికి ముందు, ఆడవాళ్ల గదిలో సుమలత నా జడకు మల్లెపూలు కడుతోంది. "కదలొద్దు వదినా" అని దండ బిగించి లాగింది. సవరం ఊడి ఆమె చేతిలోకి వచ్చేసింది.

నేను తల మీదికి కొంగు లాక్కున్నాను.

సుమలత నా చెయ్యి పట్టుకుని తన జడ మీద పెట్టింది. "గట్టిగా పట్టుకోవద్దు. నాదీ వస్తాది."

"నీదీ సవరమేనా?"

"రూప పుట్టినప్పటి నుంచి. నీకు తెలిసిపోతాదని ఎంత భయపడినానో!"

మూలన కూర్చున్న మా అత్త నవ్వుతూ తన కొప్పు తట్టుకుంది. "దీంట్లో ఏముండాదనుకున్నారే? లోహిత్‌గాడి పాత స్కూలు సాక్సు. నల్లది. రెండోది యాడ పోయిందని వాడు ఏడ్చినాడు కూడా."

గదంతా పగలబడి నవ్వింది. నాకు మాత్రం నవ్వుకు బదులు ఏడుపొచ్చింది. "అత్తా, ఆ సవరం అమ్మవారిది. నేను మూడు కత్తెరలు ఇంకా ఇయ్యలేదు."

అత్త నవ్వు ఆపింది. "ఇయ్యలేదా? వాడికి మీసాలు వచ్చినాయి కదే! యాల ఇయ్యలేదు?"

"జుట్టు పోతాదని."

"ఇయ్యకపోతే నిలిచిందా?"

సుమలత సవరం మళ్లీ పెట్టబోయింది. వద్దన్నాను. ఉన్న జుట్టునే అల్లి, సన్నటి జడకు మూర మల్లెలు పెట్టుకుని వెళ్లి రూపకు హారతి పట్టాను. వీడియో అతను లైటు నా మీదికే వేశాడు. పాపిట్లో కాటుక కూడా లేదు. ఎవరూ ఏమీ అనలేదు. అందరి కళ్లూ పిల్ల మీదే ఉన్నాయి.

మర్నాడు పొద్దున తిరుగుదారిలో కొండ దగ్గర బస్సు దిగుదామన్నాను. మా ఆయన ఎందుకని అడగలేదు. అత్త చెప్పేసినట్టుంది.

తలనీలాలు తీసే షెడ్డులో మంగలి మునస్వామి పీట చూపించాడు. సవరం ఉన్న సంచిని మా ఆయన చేతికిచ్చి, జడ ముందుకు వేసుకుని కూర్చున్నాను.

"చివర్లు ఊరకే తాకించేదా అమ్మా? ఈడ ఉండేదే కొంచెం."

"నాలుగు వేళ్ల పొడుగు తియ్యి నాయనా."

"నాలుగు వేళ్లా! మల్లా పెరిగేదానికి..."

"తియ్యి."

జుట్టు రాలింది అమ్మవారి కోపం వల్లనేనా అని అక్కడ కూర్చుని కూడా ఆలోచించాను. తెలియలేదు. మొక్కింది నేను, ఎగ్గొట్టింది నేను. అంతవరకే నాకు తెలిసింది.

"గోవిందా అను" అన్నాడు మా ఆయన, అలవాటుగా.

"ఇది గంగమ్మ గుడి" అన్నాను.

మునస్వామి కత్తెర తడిపాడు. ఒకటి. రెండు. మూడోది పడ్డాక ఆ చిన్న పాయను తట్టలో వేసి, నా భుజం మీది తునకలు దులిపాడు.

"అయిపాయె, లెయ్యమ్మా."