ఆయన కాలు మానింది

"మెల్లిగా తియ్యలేవేటే? కాలనుకున్నావా, కోడి ఈకలనుకున్నావా?" అన్నాడు విక్టర్.

మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు చెంచాతో పోస్తూ, పుండుకి అంటుకుపోయిన గాజుగుడ్డని నానబెడుతున్నాను. నానకుండా లాగితే కొత్తగా పుడుతున్న చర్మం కూడా దాంతోపాటు ఊడొచ్చేస్తుంది. రాజాంలో డాక్టరు ఒకటికి రెండుసార్లు చేసి చూపించి, "రోజూ ఇంత దూరం తీసుకురావడం ఎందుకు, ఇంట్లో మీరే చేసుకోండి" అన్నాడు. మీరే అంటే నేనే. అప్పటినుంచి రోజూ పొద్దున్న ఆయన ఎడమ పాదం నా ఒళ్ళో ఉంటుంది. మా అత్తగారు కాంతమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కొడుకు మొహం చూస్తూ కూర్చుంటుంది. ఆయన మొహం చిట్లిస్తే చాలు, "సూసుకుని సెయ్యమ్మా, ఆడు మనిషి కాదేటి" అంటుంది.

నా కుడిచేతికి పాత చున్నీ ముక్క చుట్టి ఉంది. దాని సంగతి ఎవరూ అడగరు.

ఇది జరిగిన ఆదివారం, చర్చి నుంచి వచ్చాక ఆయన బజ్జీలు వెయ్యమన్నాడు. వేస్తుంటే మా స్కూల్లో లెక్కల మాస్టారు ఫోన్ చేశాడు, పరీక్ష పేపర్ల గురించి. రెండు మాటలు మాట్లాడి పెట్టేశాను. విక్టర్ వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఆదివారం కూడా ఆడితోనేటి మాటలు?"

"పేపర్లు రేపటికల్లా దిద్దాలటండీ."

"నాకు సెప్తన్నావా?" అంటూ వచ్చి, పొయ్యి మీది మూకుడు రెండు చెవులూ పట్టుకుని ఎత్తాడు. నా మొహం ఎత్తుకి ఎత్తాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. మూకుడు చెవులు కాలతాయన్న సంగతి కోపంలో ఆయనకి తట్టలేదు. తట్టేసరికి వదిలేశాడు. నూనె కొంత నా చేతిమీద పడింది, మిగిలిందంతా ఆయన పాదం మీద పడింది.

ఆయన కేక ఊరంతా వినిపించి ఉంటుంది. నేను కేక వేశానో లేదో నాకు గుర్తులేదు. ఆయన్ని పట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి నడిపించి, కాలు నీళ్ళ కింద పెట్టాను. అదే నీళ్ళ కింద నా చెయ్యి కూడా పెట్టబోతే అత్తగారు నా భుజం పట్టి లాగింది. "ముందు ఆడి కాలు సూడు!"

ఆసుపత్రిలో డాక్టరు ఆయనకి కట్టు కడుతూ నా చేతివైపు చూసి, "మీకూ కాలిందా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే విక్టర్ అందుకున్నాడు. "కొంచెం సిట్లింది సార్. వంట సేసేవోళ్ళకి మామూలే కదా." డాక్టరు తల మళ్ళీ ఆయన కాలి మీదికి వంగిపోయింది.

విశాఖపట్నంలో నర్సుగా పనిచేస్తున్న మా ఆడపడుచు షీబా ఆ సాయంత్రమే వీడియోలో కనిపించి అన్నీ చెప్పింది. "అన్నయ్య కాలికి పసుపూ, పేస్టూ పొరపాటున కూడా రాయకండి, సీము పడతాది. క్రీమే రాయండి. కాలు దిండు మీద ఎత్తుగా ఉండాలి. రోజూ గుడ్లు పెట్టు వదినా." అంతలో ఫోన్ పట్టుకున్న నా చెయ్యి ఆమెకి కనిపించింది. "అదేటి వదినా?" అంది. చూపించాను. ఆమె నర్సు. ఆ బొబ్బలు ఎలాంటివో ఆమెకి తెలుసు. తెలిసే, "పసుపు రాసుకో, తగ్గిపోద్ది" అని ఫోన్ పెట్టేసింది.

క్రీమ్ ట్యూబు ఆయనది. ఒకసారి కాస్త నా చేతికి రాసుకుంటే అత్తగారు చూసింది. "ఆడి మందు ఆడికే సాల్దు" అంది. తర్వాత రాసుకోలేదు. అంట్ల సబ్బునీళ్ళూ, కారం, ఆయన గుడ్డలుతికిన డెటాలూ అన్నీ ఆ చేతికే తగిలేవి. సాయంత్రానికి చున్నీ పుండుకి అతుక్కుపోయేది. నాది నానబెట్టి తీసేంత తీరిక ఉండేది కాదు, లాగేసేదాన్ని. ఆయన పాదం మాత్రం ఇంచీ ఇంచీ నాకు తెలుసు. ఎక్కడ తెల్లగా ఉందో, ఎక్కడ గులాబిరంగు తిరిగిందో, మడమ దగ్గర ఏ మూల ఇంకా నీరు ఊరుతోందో. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒంటిని అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. ఒక ఉదయం, ఆయన కట్టుని తడపకుండా ఒక్కసారి లాగెయ్యాలనిపించింది. కొస పట్టుకున్నాను కూడా. ఆయన దిండుకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు, పిల్లాడిలా నమ్మకంగా. లాగలేదు. అది జాలి అనుకుని రోజంతా నన్ను నేను మెచ్చుకున్నాను. తర్వాత తెలిసింది, అది భయం. మళ్ళీ మూకుడు ఎత్తుతాడేమోనని భయం.

ఆయన కాలికి చర్మం పట్టింది. నా బొటనవేలు అరచేతి వైపు ముడుచుకుపోయి అలాగే బిగిసిపోయింది. స్కూలుకి వెళ్తే సుద్దముక్క పట్టు నిలవలేదు. పిల్లలు నవ్వలేదు, నా చేతిని చూసి బెంచీల్లో వెనక్కి జరిగారు. ప్రిన్సిపాల్ పిలిపించి, "పూర్తిగా బాగయ్యాకే రండమ్మా. పిల్లలు జడుసుకుంటున్నారు" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే విక్టర్, "మంచిదే. ఆ లెక్కల మాస్టారు పోరు తప్పింది" అని నవ్వాడు. అత్తగారు మాత్రం ఇంటికొచ్చినవాళ్ళందరికీ నన్ను పొగిడేది. "కడుపైతే పండనేదు గానీ, మొగుడికి సేవ సెయ్యడం వచ్చినాది."

విక్టర్ మా చర్చి సంఘానికి కార్యదర్శి. కాలు మానిందని ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టించాడు. పొద్దున్న ఎడమచేత్తో పులిహోర కలుపుతుంటే అత్తగారు గిన్నె లాగేసింది. "ఎడం సేత్తో కలిపింది దైవజనులకి పెడతావేటి?" కుడిచేత్తో కలిపాను. చేతి పగుళ్ళలోకి నిమ్మరసం దిగింది. గిన్నె అడుగుదాకా కలిపాకే చెయ్యి కడుక్కున్నాను.

పాస్టర్ జ్ఞానానందంగారు వచ్చారు. హాలు నిండిపోయింది. పాటలయ్యాక విక్టర్ లేచి, చెప్పులేని కాలు ముందుకి చాపి సాక్ష్యం చెప్పాడు. "సైతాను నా వంటింట్లోకే వచ్చి దెబ్బకొట్టాడు. మూకుడు జారింది. నా దేవుడు నా పాదాన్ని జారనివ్వలేదు." జనం హల్లెలూయా అన్నారు.

పాస్టరుగారు నావైపు తిరిగారు. "అమ్మా పద్మజా, భర్తకి ఇంత సేవ చేశావు. నువ్వు కూడా ఒక్క మాట సాక్ష్యం చెప్పు."

"దానికి మాటలు రావండి" అంది అత్తగారు.

లేచాను. గొంతు క్లాసులో పాఠం చెప్పేటప్పటిలాగే వచ్చింది.

"మూకుడు జారలేదు పాస్టరుగారూ. నా మొహం మీద పొయ్యడానికి ఈయన ఎత్తారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను." చెయ్యి పైకెత్తి అందరికీ కనపడేలా తిప్పాను. "ఇదే ఆ చెయ్యి."

ముందు వరసలో ఉన్నావిడ చూసి, చప్పున తల దించుకుంది. విక్టర్ మొహంలో రంగు పోయింది. "నిద్దర్లు సాలక మతి సెడిపోనాది పాస్టరుగారూ, ఏటేటో వాగతన్నాది" అంది అత్తగారు. ఒక్కరు కూడా నా దగ్గరికి రాలేదు. పాస్టరుగారు నా బొటనవేలిని చాలాసేపు చూశారు. తర్వాత కార్యదర్శిగారిని చూశారు.

"ఇలాంటివి దేవుని పాదాల దగ్గర పెట్టాలమ్మా, మనుషుల ముందు కాదు. అందరం కళ్ళు మూసుకుని ఈ కుటుంబ శాంతి సమాధానాల కోసం ప్రార్థిద్దాం."

అందరూ కళ్ళు మూసుకున్నారు. విక్టర్ అందరికన్నా గట్టిగా మూసుకున్నాడు.

నేను మూసుకోలేదు. వాళ్ళందరినీ ఒకసారి చూశాను. లోపలికెళ్ళి నా హ్యాండ్‌బ్యాగ్ ఎడమ భుజానికి తగిలించుకుని, మనుషుల మధ్య నుంచే నడిచి గుమ్మం దాటాను. శ్రీకాకుళంలో ముందు పెద్దాసుపత్రి, ఆ తర్వాత పోలీసు స్టేషను. పాస్టరుగారి ప్రార్థన చాలా పొడుగుంటుందని మా సంఘంలో అందరికీ తెలుసు. బస్సు అందుకోవడానికి నాకు ఆ మాత్రం చాలు.