సలాముకు జవాబు

తువో దావూద్ తన గుమ్మం తొక్కే రోజు కోసం హైజర్ ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. అతను హజ్‌కు వెళ్తున్నాడని చైనాలోని ఆ లిన్‌షియా ఊరి బజారంతా చెప్పుకోగానే అటక మీది మంచి టీ గిన్నెలు దించి, కడిగి పెట్టుకుంది.

రాక తప్పదతనికి. హజ్‌కు బయలుదేరేవాడు తాను నొప్పించిన వాళ్ళ దగ్గరికి వెళ్ళి నోటితో మాఫీ అడగాలి. వాళ్ళు నోటితోనే ఇవ్వాలి. మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషి మన్నించేదాకా దేవుడూ మన్నించడని ఆ ఊళ్ళో పిల్లలకీ తెలుసు.

దావూద్ చేసింది అరిచి చేసింది కాదు. ఒక చావు భోజనంలో గుండె మీద చెయ్యి వేసుకుని, మెత్తటి గొంతుతో, హైజర్ భర్త యూనుస్ తనకు అన్నలాంటివాడన్నాడు. అల్లా అతన్ని మన్నించాలన్నాడు. ఈమధ్య గొర్రెల్ని కోసేటప్పుడు దేవుడి పేరు తలవడం లేదట పాపం, అన్నాడు. అంతే. అలా కోసిన మాంసం ముస్లింలు ముట్టరు. యూనుస్ మాంసం కొట్టుకి మర్నాటి నుంచి ఒక్కరూ రాలేదు. బేరమంతా ఎదురుగా ఉన్న దావూద్ కొట్టుకి మళ్ళింది.

కొట్టు మూతపడ్డందుకు యూనుస్ అంతగా కుంగలేదు. మసీదు మెట్ల మీద తను సలాం చెబితే జనం తల తిప్పుకున్నారు. సలాముకు జవాబివ్వడం ఎవరూ తప్పించుకోలేని బాధ్యత. అది కూడా దక్కని మనిషి ఎక్కువ కాలం బతకలేదు.

"అస్సలాము అలైకుమ్, వదినా," అన్నాడు దావూద్ గుమ్మంలో.

"వ అలైకుముస్సలాం వ రహ్మతుల్లాహి వ బరకాతుహు. లోపలికి రండి, మరిదిగారూ."

తను చెప్పినదానికన్నా నిండుగా జవాబు రావడంతో అతని ముఖం తేటపడింది.

గిన్నెలో టీ ఆకు, పటికబెల్లం, ఎండు రేగుపళ్ళు వేసి ఆమె మరిగే నీళ్ళు పోసింది. అతను నోరు తెరిచినప్పుడల్లా మళ్ళీ పోసింది. చివరికతను ఇక చాలన్నట్టు గిన్నెలోంచి రేగుపండు తీసి తిన్నాడు. మర్యాద ప్రకారం ఆమె కెటిల్ కింద పెట్టింది.

"తెలిసో తెలియకో నావల్ల ఏదైనా పొరపాటు జరిగుంటే, ఆ ఒక్క మాట ఇచ్చెయ్యి వదినా. రేపే ప్రయాణం."

"ఏ పొరపాటు?"

"అదే... పాత సంగతి."

"పాత సంగతులు నాకు చాలా ఉన్నాయి, మరిదిగారూ. ఏదో చెబితేగా ఇచ్చేది."

గిన్నెలోకి చూస్తూ చెప్పాడు. తను అన్నది అబద్ధమే. బేరం కోసమే అన్నాడు.

"అయ్యో, ఆ మాట నేను వినలేదే," అంది హైజర్. "ఆ భోజనానికి నేను రాలేదు. విన్నవాళ్ళంతా రేపు మీ వీడ్కోలు విందుకి వస్తారుగా. వాళ్ళ ముందు చెప్పండి. అక్కడే ఇస్తాను."

"పరువు పోతుంది. మా అబ్బాయి కొట్టు ఏం కావాలి?"

"ఇంకాస్త టీ పొయ్యనా?"

మర్నాడు విందులో దావూద్ ఛాతీ మీద ఎర్ర పట్టుపువ్వు కట్టారు. మసీదు పెద్ద ఆహోంగ్ లేచి, ఇతనికి అందరూ మాఫీ ఇచ్చారా అని అడిగాడు. ఇచ్చామని అందరూ ఒక్కసారే అన్నారు. ఆడవాళ్ళ వరసలో హైజర్ మాత్రం పెదవి కదపలేదు. దావూద్ ఆమెవైపు చూశాడు. ఆమె ఎంతో ఆదరంగా తలూపింది.

అతను అలవాటుకొద్దీ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. అంతా చెప్పేశాడు. నోట్లో ముద్దలు నోట్లోనే ఆగిపోయాయి.

"నా వంతు ఇచ్చాను, మరిదిగారూ," అంది హైజర్.

అతను ఊపిరి పీల్చుకున్నాడు.

"మా ఆయన వంతు ఆయన దగ్గరే ఉంది. ఖబరస్తాన్ మీ దారిలోనేగా, దిగి అడగండి. ఆయన ఏమన్నాడో వచ్చాక నాకూ చెబుదురుగాని."

ఆహోంగ్ తల దించుకున్నాడు. బయట కారు హారన్ మోగింది. దావూద్ గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి అందరికీ సలాం చెప్పాడు. ఎవరూ పలకలేదు. ఆనాడు మసీదు మెట్ల మీద తిరిగిన తలలే మళ్ళీ తిరిగాయి.

హైజర్ ఒక్కతే లేచి నిలబడింది. ఒక్క మాట కూడా తగ్గించకుండా, వీధి చివరిదాకా వినిపించేలా జవాబిచ్చింది.

తర్వాత కూర్చుని పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ఆ పూట దావూద్ ఇంటి మాంసం కడుపునిండా తిన్నది ఆమె ఒక్కతే.