పైడమ్మ వెయ్యని వేలిముద్ర

నేను ఒక ప్లైవుడ్ అడ్డుచెక్కను. మిల్లులో పొర మీద పొర అంటించి నన్ను చేశారు. కొన్నేళ్లు ఒక పళ్ల డాక్టరు గదిలో నిలబడి మనుషుల మూలుగులు విన్నాను. ఆయన ఆస్పత్రి ఎత్తేశాక, నిరాశ్రయుల వసతి గృహం నడిపే భాగ్యవతి నన్ను రిక్షాలో తెచ్చుకుంది.

అక్కడ మగవాళ్లకొక హాలు, ఆడవాళ్లకొక హాలు. సింహాచలానికి చూపు లేదు. భార్య పైడమ్మ చెయ్యి పట్టుకుంటే తప్ప అడుగు వెయ్యలేడు. అందుకని భాగ్యవతి వరండా మూల నన్ను నిలబెట్టి ఆ ఇద్దరికీ ఓ గది చేసింది. రెండేళ్లు నా చాటున కాపురం చేశారు.

ఒకరోజు ఢిల్లీ నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. తెలుగువాడే. నన్ను టేపుతో కొలిచాడు.

"రూల్స్‌లో రెండు హాళ్లే ఉన్నాయి. ఇది తియ్యకపోతే మీ ఊరికి గ్రాంటు ఆగిపోతుంది."

"ఆయనకి కళ్లు లేవు సార్," అంది భాగ్యవతి.

"ఊరికో రూలు పెట్టలేమమ్మా."

ఆ సాయంత్రమే నన్ను పీకి పెరటి గోడకు చేరేశారు. మూడోనాడు తెల్లవారుతుండగా సింహాచలం మగవాళ్ల హాల్లోంచి ఒంటరిగా స్నానాల గదికి బయల్దేరి, తడి మెట్ల మీద జారి పడ్డాడు. తల పగిలి అక్కడే పోయాడు. పైడమ్మ ఏడవలేదు. వచ్చి నాకు వీపు ఆనించి కూర్చుంది.

నన్ను తీయించిన అధికారి మీద విచారణ మొదలైంది. సింహాచలం తన అజాగ్రత్త వల్లే పడ్డాడని భార్య వేలిముద్ర వేస్తే గాని ఫైలు మూయకూడదట. అది పైవాళ్ల రూలు. ఫైలు మూయందే అధికారికి ప్రమోషన్ లేదు. రెండుసార్లు మనుషుల్ని పంపాడు. పైడమ్మ కదల్లేదు. చివరికి తనే వచ్చాడు, నన్ను మళ్లీ నిలబెట్టవచ్చని ప్రత్యేక అనుమతి రాయించుకుని.

పైడమ్మ ఆ కాగితం భాగ్యవతికి ఇచ్చి, నన్ను బిగించేదాకా అతన్ని ఎండలో నిలబెట్టింది. తర్వాత అతను ఇంకుప్యాడ్ చాపాడు.

"రూలు మారదన్నావు కద బాబూ. మరిప్పుడెలా మారింది?"

అతను ఇంకుప్యాడ్ ఇంకాస్త ముందుకు జరిపాడు.

"నా మొగుడికి మీ రూలులో సోటు నేదు. నా ఏలికి మీ కాయితంలో సోటు నేదు. ఎల్లు."

నా ఒంట్లో మేకులు ఇంకా కొత్తగా సలుపుతున్నాయి. అయినా అంత సుఖం నేనెన్నడూ ఎరగను. ఇప్పుడు నా చాటున మరో జంట నిద్రపోతోంది. అతని ఫైలు మాత్రం ఈనాటికీ మూతపడలేదు. మూతపడకూడదనే నా కోరిక.